లెక్కకందిన పొగ

సూరత్ మరమగ్గాల మీద పనిచేసే తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. వరంగల్, నల్గొండ, కరీంనగర్ వైపు నుంచి వెళ్లి అక్కడే ఉండిపోయిన నేత కుటుంబాలవి. ఆ ఊళ్లో నేసిన ముడి గుడ్డ పాండేసరా, సచిన్, పల్సానాల్లోని డైయింగ్, ప్రింటింగ్ మిల్లులకు వెళ్తుంది. గుడ్డకు రంగు పట్టాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్‌కు బొగ్గో లిగ్నైటో వేయాలి. ఆ పొగగొట్టాల నుంచి వచ్చే ధూళిని తగ్గించడానికి గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి చేసిన పని గురించే ఈ వ్యాసం. ప్రభుత్వ పథకం గురించి రాస్తూ ‘పనితనం’ అనే మాట వాడాల్సిన అవసరం మనకు తరచుగా రాదు. ఇక్కడ వాడక తప్పదు.

ముందు పాత పద్ధతి సంగతి. 1981 నాటి వాయు కాలుష్య చట్టం మండలి చేతికి ఇచ్చిన ఆయుధాలన్నీ పెద్దవే: కరెంటు కట్ చేయించడం, ఫ్యాక్టరీ మూయించడం, కోర్టులో క్రిమినల్ కేసు వేయడం. తప్పు ఎంతటిదైనా అవే శిక్షలుగా ఉండేవి. పరిమితి కాస్త దాటిన మిల్లును మూయిస్తే కూలీలు రోడ్డున పడతారు కనుక ఏ అధికారీ అంత తేలిగ్గా సంతకం పెట్టేవాడు కాదు. పెట్టడని యజమానికీ తెలిసేది. పరిమితిలోనూ ఒక తిరకాసుంది. ఘనపు మీటరు పొగలో ధూళి 150 మిల్లీగ్రాములు మించకూడదంటుందే కానీ, బాయిలర్ రోజుకు ఎన్ని గంటలు మండింది, మొత్తం ఎన్ని కిలోల ధూళి గాల్లో కలిసింది అని అడగదు. చుట్టుపక్కల బతికే వాళ్ల ఊపిరితిత్తులకు పట్టింపు ఆ కిలోలతోనే.

అసలు పనితనం మొదలైంది పొగగొట్టం దగ్గర కాదు, దాన్ని కొలిచే మనిషి దగ్గర. గుజరాత్ హైకోర్టు ఆదేశంతో 1996లో ఆ రాష్ట్రంలో పర్యావరణ ఆడిట్ పద్ధతి వచ్చింది. కాలుష్యం ఎక్కువగా ఉండే పరిశ్రమలు ఏటా ప్రైవేటు ఆడిటర్ చేత కొలిపించి నివేదిక ఇవ్వాలి. ఉద్దేశం మంచిదే. కానీ ఆడిటర్‌ను ఎంచుకునేదీ, ఫీజు ఇచ్చేదీ ఫ్యాక్టరీయే. పరీక్ష రాసిన పిల్లాడే తన పేపరు దిద్దే మాస్టారిని వెతుక్కుని జీతమిచ్చినట్టన్నమాట. ఫలితం ఎలా ఉంటుందో ఊహించవచ్చు, అయితే ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ ర్యాన్ అనే ఆర్థికవేత్తలు ఊహతో సరిపెట్టుకోకుండా మండలితో కలిసి లెక్క తీశారు. ఆడిటర్ల నివేదికల ప్రకారం ధూళి పరిమితి దాటిన ఫ్యాక్టరీలు 7 శాతం. వేరే వాళ్లను పంపి మళ్లీ కొలిపిస్తే 59 శాతం! గ్రాఫు గీసి చూస్తే ఆడిటర్ల రీడింగులు 150 గీతకు కాస్త కింద గుట్టగా పడి ఉన్నాయి. గీత దాటితే దాదాపు ఖాళీ.

దీనికి వాళ్లు చేసిన మరమ్మతు చూడండి. అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లో 473 ఫ్యాక్టరీలను తీసుకుని, 2009 నుంచి రెండేళ్లపాటు అందులో సగం వాటికి పద్ధతి మార్చారు. ఏ ఆడిటర్ ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో లాటరీ తేలుస్తుంది. ఫీజు ఒక ఉమ్మడి నిధి నుంచి, అందరికీ ఒకే రేటు. కొన్ని చోట్ల ఆడిటర్ కొలిచి వెళ్లాక, ఇంజనీరింగ్ కాలేజీల సిబ్బంది చెప్పకుండా వచ్చి మళ్లీ కొలుస్తారు. రెండో ఏడాది నుంచి, కొలత ఎంత సరిగ్గా ఉంటే ఆడిటర్‌కు అంత ఎక్కువ సొమ్ము. కొత్త చట్టమేదీ చేయలేదు, పరిమితిని బిగించలేదు, కొత్త అధికారులనూ వేయలేదు. అయినా ఉన్నది లేనట్టు రాసే అలవాటు 80 శాతం తగ్గింది. ఇంకో విశేషం: కొలత నిజమయ్యేసరికి ఫ్యాక్టరీలే పొగ తగ్గించుకున్నాయి, అందులోనూ అందరికన్నా ఎక్కువ వదులుతున్నవి. పనిచేస్తున్న యంత్రంలో ఎక్కడ అరిగిందో కనిపెట్టి ఆ ఒక్క భాగాన్నే మార్చడం నాకు గొప్ప నేర్పుగా అనిపిస్తుంది.

ఆ తర్వాత వచ్చింది సూరత్ పర్మిట్ల బజారు. 2019లో మొదలైంది. ధూళి కణాల మీద ఇలాంటి మార్కెట్ ప్రపంచంలో అదే మొదటిది. పొగగొట్టంలో బిగించిన పరికరం గంటగంటకూ ఎంత ధూళి పోతోందో మండలికి పంపుతుంది. మిల్లులన్నీ కలిపి ఇంతకు మించి వదలకూడదని మండలి ఒక మొత్తం ఖరారు చేసింది, దాన్ని దశలవారీగా దించింది. కిలో ధూళికి ఒక పర్మిట్. పర్మిట్లలో 80 శాతం ఉచితంగా పంచి, మిగతా 20 శాతం వేలం వేశారు. తక్కువ వదిలిన మిల్లు మిగిలినవి అమ్ముకోవచ్చు, ఎక్కువ వదిలింది కొనుక్కోవాలి.

ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. పనివాడి చేయి కనిపించేది చిన్న చిన్న అతుకుల్లో. పర్మిట్ ధర 5 రూపాయలకు తగ్గకూడదని, 100 దాటకూడదని నియమం పెట్టారు. అందువల్ల ధర పడిపోయి పథకం నీరుగారదు, పెరిగిపోయి మిల్లు మూతపడదు. గడువు ముగిసేసరికి సరిపడా పర్మిట్లు చూపించలేకపోతే గరిష్ఠ ధరకు రెండింతలు, అంటే కిలోకు 200 చొప్పున పరిహారం. దాన్ని వసూలు చేయడానికి కోర్టు చుట్టూ తిరగనక్కర్లేదు, ప్రతి మిల్లూ ముందే డిపాజిట్ కట్టి ఉంటుంది. జరిమానా సొమ్ము మొదటి రోజే చేతిలో పెట్టుకున్న నియంత్రణ సంస్థ మన దేశంలో ఎన్ని చోట్ల కనిపిస్తుంది? పరికరం రీడింగు పంపని గంటలను సున్నా కింద వేయరు, ఎక్కువ వదిలినట్టే లెక్కగడతారు. ఇక ప్లగ్గు పీకి లాభం లేదు.

300కు పైగా మిల్లుల్లో సుమారు సగాన్ని లాటరీ తీసి బజారులోకి తెచ్చారు, మిగతావి పాత పద్ధతిలోనే నడిచాయి. పరికరాలు మాత్రం రెండు వర్గాలకూ పెట్టారు. పరికరం పెట్టినంత మాత్రాన పొగ తగ్గలేదు. బజారులోకి వచ్చిన మిల్లుల్లో ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. కట్టాల్సిన పర్మిట్లలో 99 శాతం వచ్చేశాయి. అదే సమయంలో పాత పద్ధతిలో ఉన్నవాటిలో మూడో వంతు పరిమితి దాటుతూనే ఉన్నాయి. ఈ ఫలితాలను గ్రీన్‌స్టోన్, పాండే, ర్యాన్‌లతో కలిసి అనంత్ సుదర్శన్ ప్రచురించారు. తర్వాత గుజరాత్ అహ్మదాబాద్‌లోనూ ఇలాంటి బజారు మొదలుపెట్టింది.

డబ్బు పెట్టి పొగ వదిలే హక్కు కొనుక్కోవడమేమిటని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. పర్మిట్లు కొనుక్కుని యథాప్రకారం మండించే మిల్లు పక్కన ఇల్లున్న వాడికి ఊరి మొత్తం లెక్క తగ్గిందంటే ఏం ఓదార్పు? అయితే అంతకుముందు ఆ పొగ ఉచితంగానే పోయేదని మరచిపోకూడదు. వాహనాల పొగకు, రోడ్ల ధూళికి ఈ బజారు మందు కాదు. సూరత్ గాలి అంతా బాగైపోయిందని ఎవరూ అనలేదు, నేనూ అనను.

సరిగ్గా అదే 2019లో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు కూడా ఉన్నాయి. ఆ నిధుల్లో ఎక్కువ భాగం రోడ్ల మీది దుమ్ము పనులకే పోయింది. ఊరి గాలిలో ధూళి సగటు తగ్గాలన్నది దాని లక్ష్యం, కానీ సగటు తగ్గకపోతే దోషి ఎవరో చెప్పలేం. సూరత్‌లో ప్రతి కిలోకూ ఒక మిల్లు పేరుంది. నా దృష్టిలో రెంటికీ ఉన్న తేడా అంతా ఇదే.

17 రకాల భారీ పరిశ్రమలు ఇలాంటి ఆన్‌లైన్ కొలత పరికరాలు పెట్టుకోవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే ఆదేశించింది. సిమెంటు, థర్మల్, మందుల ఫ్యాక్టరీలు అందులో ఉన్నాయి. అంటే మన రెండు రాష్ట్రాల్లోనూ సరంజామా చాలావరకు ఉన్నట్టే. మీ ప్రాంతంలో ఫ్యాక్టరీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే వెళ్లండి. ఎన్ని ఉద్యోగాలిస్తారని ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు ఈ పొగను కొలిచేవాణ్ణి ఎంచుకున్నదెవరు, వాడికి డబ్బులిచ్చేదెవరు, లెక్క తప్పితే కట్టాల్సిన సొమ్ము ఇప్పుడు ఎవరి దగ్గరుంది అని కూడా అడగండి.