సింధనూరు పోయి వచ్చి, మంత్రాలయం దాకా పరుగు

రాయచూరు నుంచి మాన్వి మీదుగా సింధనూరుకు రోడ్డు దాదాపు 90 కిలోమీటర్లు. అక్కడిదాకా సైకిల్ తొక్కి, అక్కడే తిప్పుకుని మళ్ళీ రాయచూరు చేరి, సైకిల్ పక్కన పెట్టి బూట్లు మార్చుకుని మంత్రాలయం దాకా పరుగెత్తితే ఎంత దూరమో, పూర్తి నిడివి ట్రయథ్లాన్‌లో రెండో అంకం, మూడో అంకం కలిపి ఇంచుమించు అంత. వీటికంటే ముందు, పొద్దుపొడుపు వేళ, 3.8 కిలోమీటర్లు ఈదాలి. ఆపైన 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు. అంతా ఒకే రోజు, 17 గంటల లోపు. దీనిలో సగం నిడివి పోటీ కూడా ఉంది: 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు, ఎనిమిదిన్నర గంటల గడువు. ఉద్యోగమో, పొలమో, దుకాణమో చూసుకుంటూ ఇందులోకి దిగాలనుకునేవాళ్ళు మొదట ఈ సగాన్ని పట్టుకోవడం మంచిది. మనవైపు వాళ్ళకు అందుబాటులో ఉన్న ఒక వేదిక గోవా. 2019 అక్టోబరులో పణజి పక్కన మిరమార్ తీరంలో ఆ పోటీ మొదలైంది.

ఈత, సైకిల్, పరుగులను ఇంత పెద్ద దూరాలతో ఒక్క రోజులోకి తెచ్చింది జాన్ కాలిన్స్ అనే అమెరికా నౌకాదళ అధికారి, ఆయన భార్య జూడీ. ఈతగాడు గట్టివాడా, సైకిల్ తొక్కేవాడా, పరుగెత్తేవాడా అన్న వాదన తేలకపోతే, హవాయిలోని ఓహు దీవిలో అప్పటికే విడివిడిగా జరుగుతున్న మూడు పోటీల దూరాలను కలిపేశారు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయల్దేరితే 12 మంది పూర్తిచేశారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో మొదట వచ్చాడు. రెండోవాడు జాన్ డన్‌బర్. పరుగులో అతని వెంట ఉన్నవాళ్ళ దగ్గర నీళ్ళయిపోతే బీరు తాగి పరుగు సాగించాడు. కాలిన్స్‌కు 17 గంటలు పట్టింది. మరుసటి ఏడు లిన్ లెమేర్ ఈ పోటీ పూర్తిచేసిన మొదటి మహిళ అయింది. ఆ మొదటి 15 మందిలో దీని మీద బతికేవాడు ఒక్కడూ లేడు. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన సంగతి అదే. ఈ ఆట పుట్టిందే పనులున్న మనుషుల కోసం.

మాన్వి దగ్గర టీకొట్టు ముందు సైకిల్ ఆపితే పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "ఇంత కష్టపడితే ఎంతిస్తారయ్యా?" అని. ఏమీ ఇవ్వరు, మనమే కట్టాలి అని చెబితే జాలిగా చూస్తారు. అది న్యాయమైన ప్రశ్నే, జవాబు చెప్పాల్సిన ప్రశ్నే. పోటీలో ఐదేళ్ళకొక వయసు వర్గం ఉంటుంది. ఏభై రెండేళ్ళ మనిషి తన ఈడువాళ్ళతోనే పోటీపడతాడు. బహుమతి వాళ్ళలో ముందు వచ్చిన కొద్దిమందికే దక్కుతుంది. మిగిలినవాళ్ళందరికీ దక్కేది ఆ రోజుకు ముందు గడిచిన ఏడాది. తొమ్మిదింటికి పడుకుని నాలుగున్నరకు లేవడం, తిండిని లెక్కపెట్టుకోవడం, ఒంట్లో ఎంత సత్తువ ఉందో, దాన్ని ఎంత నెమ్మదిగా ఖర్చుపెట్టాలో నేర్చుకోవడం. దీర్ఘ ట్రయథ్లాన్‌లో కిటుకులన్నీ చివరికి ఈ పొదుపు దగ్గరికే వస్తాయి.

ఈ పొదుపు మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. ఉగాదికి ముందు రాయచూరు, బాగలకోట, విజయపుర వైపుల నుంచి వేలమంది శ్రీశైలానికి నడిచి వెళ్తారు. నల్లమలలో వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి కైలాసద్వారం ఎక్కుతారు. ఎండ ముదిరే లోపే నడక ముగించడం, మధ్యాహ్నం నీడపట్టున ఒరగడం, పాదానికి పొక్కు లేవకముందే గుడ్డ చుట్టడం, మొదటి రోజు ఉత్సాహంలో ఎవరూ దూకుడుగా నడవకుండా పెద్దవాళ్ళు అదుపు చేయడం, ఇవన్నీ వాళ్ళకు తరతరాలుగా తెలుసు. కొత్తగా ట్రయథ్లాన్‌కు దిగేవాడు పుస్తకాలకంటే ముందు ఆ నడకదారుల దగ్గర కూర్చుని నాలుగు మాటలు వినాలని నా అభిప్రాయం.

కష్టమల్లా నీళ్ళ దగ్గర. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న జిల్లాలో ఈదడానికి భద్రమైన నీళ్ళు దొరకవంటే బయటివాళ్ళు నమ్మరు. కృష్ణలో మొసళ్ళున్నాయి, ఒడ్డున నీళ్ళకు దిగినవాళ్ళ మీద పడిన సందర్భాలూ ఉన్నాయి. తుంగభద్ర ఎడమ కాలువలో నీళ్ళు నిండుగా పారే నెలల్లో ఉరవడి ఎక్కువ, గట్లు ఏటవాలుగా నున్నగా ఉంటాయి, పట్టు దొరకదు. కాలువలో సాధన చేయవద్దు, ఎంత ఈత వచ్చినా సరే. ఒకప్పుడు మోటబావుల్లో, దిగుడుబావుల్లో జీలుగు బెండ్లో ఎండిన సొరబుర్రలో నడుముకు కట్టి పిల్లలను నీళ్ళలోకి తోసేవాళ్ళు. ఆ ఈత ప్రాణం కాపాడే ఈత, దానికి దండం పెట్టాలి. కానీ రెండు కిలోమీటర్లు ఈదడానికి అందులో ఒక అలవాటు మార్చుకోవాలి. బావి ఈతలో తల ఎప్పుడూ నీటిపైనే ఉంటుంది. తల లేస్తే నడుము, కాళ్ళు దిగిపోతాయి. అప్పుడు మనిషి నీటిని చీల్చుకుంటూ పోడు, నెట్టుకుంటూ పోతాడు.

అందుకే ఫ్రీస్టయిల్‌లో మొదటి పాఠం మొహం నీళ్ళలో పెట్టడం. చూపు అడుగుకు ఉండాలి, ఊపిరి నీళ్ళలోనే ముక్కుతో నోటితో వదిలేయాలి. పైకి వచ్చినప్పుడు వదలడం, పీల్చడం రెండూ చేయబోతే పది మీటర్లకే ఆయాసం వస్తుంది. తల ఎత్తకూడదు, ఒళ్ళంతా పక్కకు దొర్లినప్పుడు నోరు దానంతటదే గాలికి అందాలి. చెయ్యి ముందుకు చాచి, మోచేతిని పైనే ఉంచి, ముంజేయి మొత్తంతో నీటిని వెనక్కి పట్టి లాగాలి. కాళ్ళు సన్నగా ఆడితే చాలు, వాటి పని ఇంకా ముందుంది. 25 మీటర్ల కొలనులో 1.9 కిలోమీటర్లంటే 76 పొడవులు. ఇక సముద్రంలో కింద గీత ఉండదు, పక్కన గోడ ఉండదు. ఆరేడు బారలకోసారి కళ్ళు మాత్రమే, మొసలి చూసినట్టు, నీటిపైకి తెచ్చి గుర్తుకోసం వదిలిన బుడగను చూసుకుని మళ్ళీ మొహం దించేయాలి. దీన్ని కొలనులోనే సాధన చేయాలి. ఇంకొకరి పాదాల వెనక ఈదడం నీళ్ళలో తప్పు కాదు, శ్రమ బాగా తగ్గుతుంది. మొదటి నిమిషాల్లో గుండె దడదడలాడితే వెల్లకిలా తిరిగి నాలుగు ఊపిరులు తీసుకోవడానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. గోవాలో సగం ఈతకు గడువు 70 నిమిషాలు.

పెద్దయ్యాక ఈత రాదని వెనకాడేవాళ్ళకు గోలి శ్యామల పేరు చెబుతాను. సామర్లకోటలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడిన ఆమె నలభై దాటాక ఈత నేర్చుకుంది. 2021 మార్చిలో, 47 ఏళ్ళ వయసులో, శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి ధనుష్కోడికి సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదింది.

నీటి నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారే చోట గడియారం ఆగదు. హెల్మెట్ బిగించాకే సైకిల్ ముట్టుకోవాలి. అంతకుమించి ఇందులో పెద్ద విద్య లేదు.

సైకిల్ దగ్గర మాత్రం విద్య ఉంది, ఎందుకంటే ఎదురయ్యేది గాలి. గాలి అడ్డంకి వేగంతో పాటు సమానంగా పెరగదు. గంటకు 25 కిలోమీటర్ల నుంచి 30కి పెంచితే గాలిని చీల్చడానికి పెట్టాల్సిన శక్తి 70 శాతానికి పైగా పెరుగుతుంది. 90 కిలోమీటర్ల మీద కలిసొచ్చేది 36 నిమిషాలు. ఆ శక్తిని కాళ్ళు పరుగులో తిరిగి ఇవ్వగలవా అన్నదే లెక్క. జూన్, జులై నెలల్లో మాన్వి రోడ్డెక్కితే ఈ పాఠం ఒక్క పొద్దులో వంటబడుతుంది. పోయేటప్పుడు నైరుతి గాలి మొహాన కొడుతుంది. వేగం పడిపోతే పడిపోనివ్వాలి. గేరు తగ్గించి, నిమిషానికి 85, 90 చుట్ల చొప్పున తేలికగా తొక్కుతూ, మోచేతులు మడిచి వీపు వంచాలి. ఊపిరి పొడిపొడి మాటలకైనా చాలేలా ఉండాలి. పోటీలో ముందువాడి చాటున దాక్కోవడానికీ లేదు. రెండు సైకిళ్ళ మధ్య 12 మీటర్ల ఎడం ఉండాలి, తప్పితే ఐదు నిమిషాలు నిలబెడతారు. ఎవరి గాలిని వాళ్ళే మోయాలన్న ఈ నియమం నాకు చాలా ఇష్టం.

మన రోడ్లకు సొంత ప్రమాదాలున్నాయి. కోతల కాలంలో తారు మీద ఆరబోసిన వడ్లు ఉంటాయి, వాటి మీద చక్రం ఇసుకలోకన్నా తొందరగా జారుతుంది. గట్ల మీద బళ్ళారి జాలి చెట్ల ముళ్ళు టైరును దూసుకుపోతాయి. రెండు ట్యూబులు, ఒక పంపు లేకుండా ఊరు దాటకూడదు. పత్తి లారీలు, వడ్ల ట్రాక్టర్లు కదలకముందే, వెలుతురు వచ్చీరాగానే బయల్దేరి తొమ్మిదికల్లా తిరిగి రావాలి.

తిండిని నాలుగో అంకం అనడం అతిశయోక్తి కాదు. ఒంట్లో నిలవుండే పిండిపదార్థం ఇంచుమించు 2,000 కేలరీలు. అది సైకిల్ అంకం అయ్యేసరికే అడుగంటుతుంది. కాబట్టి సైకిల్ మీద ఉండగానే గంటకు 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. ఒక అరటిపండు, నిమ్మకాయంత బెల్లం కలిపితే దగ్గరదగ్గర అంత వస్తుంది. విదేశీ జెల్ పొట్లాలు మోయడానికి సులువు, అంతకుమించి వాటిలో మహిమ లేదు. ముందురోజు రాత్రి జొన్నరొట్టె మానేసి సింధనూరు సోనా మసూరి అన్నం తినాలి. పీచు తక్కువైతే పొద్దున కడుపు తేలికగా ఉంటుంది. నీళ్ళ లెక్కకు ఒక తేలిక పరీక్ష ఉంది. గంటసేపు తొక్కే ముందు, తర్వాత బరువు చూసుకోవాలి. కిలో తగ్గితే లీటరు చెమట పోయినట్టు. ఉప్పు లేకుండా వట్టి నీళ్ళే అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వస్తుంది. దాహం మేరకు తాగాలి, ఉప్పు కలుపుకోవాలి.

ఎండ మాటకొస్తే, రాయచూరువాళ్ళం దానికి అలవాటుపడ్డామనుకుంటాం. పది, పద్నాలుగు రోజులు వేడిలో కొద్దికొద్దిగా సాధన చేస్తే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట తొందరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. నిజమే. కానీ మన ఎండ పొడి ఎండ, చెమట పట్టగానే ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. గోవా తీరంలో చెమట ఆరదు, కారిపోతుంది. అక్కడ మన వేగంతో మొదలుపెడితే పదో కిలోమీటరుకు నడకే. తలమీద, మెడమీద నీళ్ళు పోసుకుంటూ, మొదటి ఐదు కిలోమీటర్లు ఇంకా నెమ్మదిగా పోవచ్చు కదా అనిపించేంత నెమ్మదిగా పోవాలి. సైకిల్ దిగిన కాళ్ళు మొదట ఎటూ కదలవు. వారానికోసారి సాధనలో సైకిల్ దిగిన వెంటనే పావుగంట పరుగెత్తడం దీనికోసమే.

ఖర్చు దాచకూడదు. లక్షల రూపాయల సైకిళ్ళు, వేలల్లో ప్రవేశ రుసుము ఈ ఆట చుట్టూ కంచె వేశాయి. జిల్లా కుర్రాళ్ళు ఆ కంచె బయటే నిలబడిపోవడం నాకు బాధ. అందుకని ఒక కోరిక. ఏటా ఏరువాక పున్నమికి మున్నూరు కాపు సమాజం జరిపే ముంగారు సాంస్కృతిక రాయచూరు హబ్బలో ఎడ్ల బండలాగుడు, కుస్తీలు చూడటానికి జిల్లా మొత్తం కదిలివస్తుంది. ఆ రోజుల్లోనే ఒక పొద్దున డ్యుయథ్లాన్ పెట్టవచ్చు. అందులో ఈత ఉండదు కాబట్టి నీళ్ళ చిక్కూ ఉండదు: పది కిలోమీటర్ల పరుగు, 40 సైకిల్, మళ్ళీ ఐదు పరుగు. మామూలు గేర్ల సైకిలు చాలు, హెల్మెట్ మాత్రం తప్పనిసరి. ఐదున్నరకు మొదలుపెట్టి, మాన్వి రోడ్డులో ఒక పక్కన వాహనాలు ఆపి, 20 కిలోమీటర్లు పోయి రానివ్వాలి. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి.