బొర్రాలో గుహే కాదు, ఊరూ ఉంది

విశాఖ నుంచి అరకుకు ఒక్కరోజు యాత్ర అంటే అందరిదీ ఒకటే వరస. పొద్దున్నే కిరండూల్ రైలు, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు, బొర్రా గుహలు, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి, తిరిగొచ్చేటప్పుడు గాలికొండ దగ్గర ఓ ఫొటో. డ్రైవర్లు వీటిని పాయింట్లంటారు. సాయంత్రానికి ఎన్ని పాయింట్లు అయ్యాయన్నదే లెక్క.

నా అలవాటు వేరు. ఏ కొండ ఊరికి వెళ్ళినా, అక్కడి నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో అడుగుతూ నడుస్తాను. చూడాల్సినవి వాటంతటవే ఎదురొస్తాయి. ఈ పద్ధతికి బొర్రా కంటే మంచి ఊరు నాకు తగల్లేదు.

బొర్రా అనంతగిరి మండలంలో చిన్న ఊరు. బొర్రా గుహలు స్టేషన్లో దిగిన జనం నేరుగా టికెట్ కౌంటర్‌కే పోతారు కాబట్టి ఊరి సంగతి ఎవరికీ పట్టదు. నిజానికి గుహ కూడా నీటి పనే. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని, సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తూ దిగుతుంది. లోపల బొట్టుబొట్టుగా రాలుతూ ఆ సున్నాన్నే మళ్ళీ రాయిగా పేరుస్తుంది. కప్పు నుంచి వేలాడేవీ, నేల నుంచి లేచేవీ అలా ఏర్పడ్డవే. రంగుదీపాల వెలుగులో గైడు వాటిలో రకరకాల రూపాలు చూపిస్తాడు. ఊరివాళ్ళకు మాత్రం అక్కడున్నది శివుడు. కప్పు కన్నంలోంచి ఆవు లోపల పడిపోతే, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లింగం కనిపించిందని కథ. శివరాత్రికి చుట్టుపక్కల పల్లెలన్నీ ఇక్కడే ఉంటాయి.

గుహలో పారేది గోస్తని. కటికి జలపాతమూ దానిదే. అక్కడికి జీపులో కొంత, కాలినడకన కొంత వెళ్ళాలి. దారిలో బొంగులో చికెన్ కాలుస్తుంటారు. ఉప్పూకారం పట్టించిన మాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి మంటలో పెడతారు. నూనె చుక్క పడదు. వెదురులోని చెమ్మే మాంసాన్ని ఉడికిస్తుంది.

కొండవాలు మీద సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడన కాఫీ, వాటినే అల్లుకుని మిరియం తీగలు. వేసవిలో ఒక్క వాన పడితే కాఫీ తోట తెల్లగా పూస్తుంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు కంటే నాకు చెట్ల నీడే గొప్పగా కనిపిస్తుంది. చినుకు దెబ్బ మట్టికి తగలకుండా ఆపి, నీటిని నేలలోకి ఇంకనిచ్చేది అదే.

ఇలాంటి కొండలనే తవ్వబోయారు. బొర్రా రిజర్వు అడవి చుట్టుపక్కల కాల్సైట్, మైకా ఉన్నాయి. ప్రభుత్వం ప్రైవేటు వాళ్ళకు గనుల లీజులిచ్చింది. సమత అనే సంస్థ గిరిజనుల తరఫున కోర్టుకెక్కింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు ఇవ్వకూడదన్న నిబంధన ప్రభుత్వానికీ వర్తిస్తుందనీ, ఆ లీజులు చెల్లవనీ 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయిదో షెడ్యూలు ప్రాంతాల్లో గనుల మీద దేశంలో ఎక్కడ వాదన నడిచినా ఈ తీర్పు మాట వస్తుంది. సెల్ఫీలు దిగేవాళ్ళలో ఎంతమందికి ఇది తెలుసు? నన్నడిగితే బొర్రాలో చూడాల్సిన మొదటి పాయింటు, తవ్వకుండా మిగిలిన ఆ కొండే.

గోస్తని కొండ దిగి తాటిపూడి జలాశయం చేరుతుంది. అక్కడి నీళ్ళు విశాఖ కుళాయిల దాకా వెళతాయి. నది మాత్రం భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం కూడా ఈ కొండల మీదుగానే విశాఖ దిగుతుంది. 1960లలో జపాన్ సాయంతో ఈ రైలుమార్గం వేసింది దానికోసమే. కిందికి పోయేవి నీళ్ళూ, ఖనిజమూ. పైకి వచ్చేది మనం. ఆదివారం గుహ చూడొచ్చిన విశాఖవాసి ఇంటి నుంచి సీసాలో పట్టుకొచ్చిన నీళ్ళు ఈ కొండవే కావచ్చు.

చైత్రంలో ఇటుకల పండగ రోజుల్లో మన్యంలో ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్రో తాడో పెట్టి, వచ్చేపోయే బళ్ళను ఆపి డబ్బులడుగుతారు. కార్లలో కొందరు విసుక్కుంటారు, హారన్ మోగిస్తారు. నేను దిగి ఇస్తాను. గుహకు టికెట్ కొన్నాం, పార్కింగ్‌కి కట్టాం, హోటల్‌కి కట్టాం. ఊరి చేతిలో నేరుగా పెట్టేది ఇదొక్కటే. ఇంట్లో కుళాయి తిప్పిన ప్రతిసారీ మనం వాడుకుంటున్నదాని ముందు అది చాలా చవక.