స్థానిక చరిత్ర - కళాశాల గ్రంథాలయం : జౌగడ శాసనం ఆధారంగా ఒక పరిశీలన

స్థానిక చరిత్ర రాయదలచిన విద్యార్థి మొదట అడుగుపెట్టేది తన కళాశాల గ్రంథాలయంలోనే. పురాభిలేఖాగారాలు దూరంలో ఉంటాయి. అక్కడికి వెళ్లడానికి ఖర్చు, అనుమతి, తీరిక కావాలి. అయితే గ్రంథాలయంలో పుస్తకం దొరకడం వేరు, ఆకరం దొరకడం వేరు. ఈ తేడా గుర్తించకపోవడం వల్ల గంజాం ప్రాంత చరిత్ర మీద తెలుగులో వస్తున్న వ్యాసాలు చాలావరకు ఒకదాన్నొకటి అనుసరించి సాగుతున్నాయి. పురుషోత్తంపూర్‌కు సమీపంలోని జౌగడ అశోక శాసనాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ లోపాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జౌగడలో నిలిచి అశోకుడు కళింగ ప్రజలకు తన పశ్చాత్తాపాన్ని ప్రకటించాడనే భావం మన వ్యాసాల్లో తరచు కనిపిస్తుంది. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాని అది నిజం కాదు. కళింగ యుద్ధాన్ని, అందులో చనిపోయినవారిని, చక్రవర్తి పొందిన దుఃఖాన్ని చెప్పేది 13వ శిలాశాసనం. జౌగడలో 1 నుంచి 10 వరకు, 14వది ఉన్నాయి. 11, 12, 13 లేవు. భువనేశ్వర్ సమీపంలోని ధౌళిలోనూ ఇదే పరిస్థితి. వాటి స్థానంలో రెండు ప్రత్యేక శాసనాలున్నాయి. జౌగడలో అవి సమాపలోని మహామాత్రులను ఉద్దేశించినవి. ప్రజలను అకారణంగా బంధించవద్దనీ, సరిహద్దు జనులలో నమ్మకం కలిగించమనీ వాటి సారాంశం. అంటే ఋషికుల్యా తీరవాసులకు అశోకుడి పశ్చాత్తాపం చెక్కి చూపలేదు. వారిని పాలించే అధికారులకు ఆజ్ఞలు మాత్రమే చెక్కారు. యుద్ధ ప్రస్తావన ఇక్కడ ఎందుకు లేదన్న ప్రశ్నే అసలు పరిశోధన. పశ్చాత్తాపాన్ని జౌగడలో ఉందనుకొన్న వ్యాసకర్తకు ఆ ప్రశ్న ఎదురే కాదు.

ఈ విషయం తెలియడానికి చెన్నై దాకా పోనక్కరలేదు. 1850లో వాల్టర్ ఇలియట్ నకలు తీసినప్పటి నుంచి ఈ శాసనం పండితలోకానికి తెలుసు. హుల్ట్ష్ సంపాదకత్వంలో 1925లో వెలువడిన అశోక శాసనాల సంపుటిలో పాఠం, అనువాదం రెండూ ఉన్నాయి. పాత కళాశాలల్లో ఈ సంపుటి ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని తెరవకుండా పాఠ్యపుస్తకంతో సరిపెట్టుకోవడం వల్లనే పై పొరపాటు పాతుకుపోయింది.

అయితే హుల్ట్ష్‌ను తెరిచినంత మాత్రాన పని ముగియదు. ప్రతి ఆకరగ్రంథానికీ ఒక సంవత్సరం ఉంటుంది; ఆ సంవత్సరం తరువాతి సంగతులు అందులో ఉండవు. కర్నూలు జిల్లా ఎర్రగుడి శాసనాలు 1929లో బయటపడ్డాయి. 14 శిలాశాసనాలూ ఉన్న ఆ తెలుగునేల స్థలం 1925 సంపుటిలో కనిపించదు. అంతకంటె ముఖ్యమైనది 1989లో కర్ణాటకలోని సన్నతిలో దొరికిన శాసనం. అందులో 12, 14 శాసనాలతోపాటు రెండు ప్రత్యేక శాసనాలూ ఉన్నాయి. ప్రత్యేక శాసనాలు కళింగానికే పరిమితమన్న అభిప్రాయం ఆనాటితో వీగిపోయింది. కాబట్టి 1989కి ముందరి పుస్తకాన్ని మాత్రమే చూసి రాసినవారు ఆధారం చూపి కూడా తప్పు చెప్పగలరు. పుస్తకం పేరుతోపాటు ప్రచురణ సంవత్సరాన్ని ఉదహరించాలనడం కేవలం మర్యాద కోసం కాదు.

ఇక పుస్తకాలు వెతకడంలోని చిక్కు. గంజాం 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాజధానిలో ఉండి, తరువాత కొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. ఒరిస్సా 2011లో ఒడిశా అయింది. డ్యూయీ వర్గీకరణ అనుసరించే గ్రంథాలయంలో పాత గంజాం పుస్తకం మద్రాసు సంఖ్య 954.82 కింద, కొత్తది ఒడిశా సంఖ్య 954.13 కింద, తెలుగువారి చరిత్రగా రాసినది ఆంధ్ర సంఖ్య 954.84 కింద చేరే అవకాశం ఉంది. ఒక్క జిల్లా చరిత్ర మూడు బీరువాల పాలవుతుందన్నమాట. ఒక బీరువాతో తృప్తిపడిన విద్యార్థి ఒక రాష్ట్రపు దృష్టితోనే తృప్తిపడినట్లు. పేర్ల సంగతీ ఇంతే. బరంపురం అని వెతికితే బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోని బరంపురం ఎదురవుతుంది. గంజాం అంటే శ్రీరంగపట్నం పక్కనున్న గంజాం రావచ్చు. పాఠకుడి కాలాన్ని కాపాడాలన్నది రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో ఒకటి. ఆ సూత్రం ఇక్కడ నెరవేరాలంటే స్థానిక చరిత్రకు ప్రత్యేక సూచిక ఒకటి ప్రతి కళాశాలలో తయారుకావాలి. ఆ పని గ్రంథపాలకుడి మీదే వదిలేయకుండా తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేయవలసి ఉంది.

మూడవ విషయం ఆకరాల స్వభావం. మాల్ట్‌బీ 1882లో రాసిన గంజాం జిల్లా మాన్యువల్ (పునర్ముద్రణ 1918) నేటికీ విలువైనదే. కాని అది పరిపాలన అవసరాల కోసం రాసిన పుస్తకం. శిస్తు, జమీందారీలు, తిరుగుబాట్ల గురించి అందులో ఉన్నంత శ్రద్ధ జనజీవనం మీద ఉంటుందని ఆశించరాదు. అలాగే 1924 నాటి ఫిలిప్, డఫ్‌ల విచారణకు, 1931లో నియమించిన ఓడొన్నెల్ సంఘానికి ఇరుపక్షాలవారు సమర్పించిన విజ్ఞప్తులు వాదపత్రాలు. వాటిలోని లెక్కలను తెలుగు వ్యాసకర్తలు తమకు అనుకూలమైనంత మేరకు, ఒడియా వ్యాసకర్తలు తమకు అనుకూలమైనంత మేరకు ఎత్తిరాయడం చరిత్ర అనిపించుకోదు. వాదపత్రం ఆ వాదానికే సాక్ష్యం. అందులో చెప్పిన విషయానికి వేరే సాక్ష్యం కావాలి.

ఇదంతా సామాన్య విద్యార్థికి మించిన పని అనే ఆక్షేపణ రావచ్చు. దానికి సమాధానం గిడుగు రామమూర్తి. నాటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, శాసనశాస్త్రంలో పట్టా లేకపోయినా, పుస్తకాల సహాయంతో పాత లిపులు స్వయంగా నేర్చి ముఖలింగం శాసనాలు చదివారు. శక సంవత్సరం 979 నాటి వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని ఆయన పరిష్కరించగా ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటం ప్రచురించింది. ఆయన పుస్తకాన్ని శాసనం దగ్గరికి తీసుకువెళ్లారు. మనం శాసనాన్ని వదిలి పుస్తకం దగ్గరే ఆగిపోతున్నాం.

పురుషోత్తంపూర్ విద్యార్థికి ఈ విషయంలో గొప్ప అనుకూలత ఉంది. శాసనం అతని ఇంటి దగ్గర ఉంది. శశాంకుని కాలపు గంజాం తామ్రశాసనం (గుప్త శకం 300, అంటే క్రీ.శ. 619-20), బుగుడ శాసనం వంటి శైలోద్భవుల ఆకరాలు ఎపిగ్రాఫియా సంపుటాల్లో అచ్చయి ఉన్నాయి. మూడు బీరువాలూ వెతికి, ప్రతి పుస్తకం ఏనాటిదో, ఎవరి కోసం రాసినదో గమనించి, ఆపైన కొండ దగ్గరికి వెళితే ఇంటర్మీడియట్ విద్యార్థి అయినా ఒక పాత పొరపాటును దిద్దగలడు. ఈ ప్రాంతంలో తెలుగు చదివేవారి సంఖ్య తక్కువ. తక్కువమంది రాసేటప్పుడు ఒక్క తప్పు కూడా చాలాకాలం నిలుస్తుంది. కనుక ఇక్కడి తెలుగు పరిశోధకుడి బాధ్యత ఇతరులకంటె ఎక్కువే తప్ప తక్కువ కాదు.