అప్పగించిన ఫైల్‌ను తిరిగివ్వడం

నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌లో, అంటే ఎన్‌ఎఫ్‌ఎస్‌లో, ఫైళ్లు సర్వర్ మీద ఉంటాయి; వాటిని వాడే క్లయింట్లు వేరే చోట ఉంటాయి. సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చిన ఈ పద్ధతిలో, క్లయింట్ ఒక ఫైల్‌ను తెరిచిన ప్రతిసారీ అది మారిందేమోనని సర్వర్‌ను అడగాలి. మూసేటప్పుడు రాసిందంతా పంపేయాలి. అన్నీ ఒకే గదిలో ఉంటే ఈ ఆలస్యం కంటికి ఆనదు. సూర్యాపేటలో సర్వర్ పెట్టుకుని కోదాడ, మిర్యాలగూడ బ్రాంచీల నుంచి వాడే వ్యాపారికి మాత్రం బాగా తెలుస్తుంది. వందల చిన్న ఫైళ్లు తెరవాల్సి వస్తే ప్రతి ఫైల్‌కూ ఒక ప్రశ్న, ఒక జవాబు. ఇంటర్నెట్ స్పీడు పెంచినా ఆ ఎదురుచూపు పెద్దగా తగ్గదు.

2000 డిసెంబరులో వెలువడిన నాలుగో వెర్షన్ దీనికి మందు కనిపెట్టింది. అదే డెలిగేషన్, ఫైల్ అప్పగింత. చదవడానికైతే ఒకే ఫైల్‌ను ఎంతమంది క్లయింట్లకైనా అప్పగించవచ్చు, రాయడానికైతే ఒక్కరికే. అప్పగింత చేతిలో ఉన్నంతసేపు క్లయింట్ సర్వర్‌ను అడక్కుండానే ఫైల్‌ను తెరుస్తుంది, మూస్తుంది. పౌర సరఫరాల శాఖ వడ్లను మిర్యాలగూడ మిల్లుకిచ్చి బియ్యం తీసుకున్నట్టే ఇదీ. సరుకు మిల్లులో ఉన్నా సొంతదారు సర్కారే, గడువులోగా తిరిగివ్వాల్సిందే.

చిక్కంతా ఆ తిరిగివ్వడంలోనే ఉంది. కోదాడ కంప్యూటర్ స్టాకు ఫైల్‌ను రాయడానికి తీసుకుందనుకుందాం. అదే ఫైల్‌ను మిర్యాలగూడలో తెరవబోతే సర్వర్ అక్కడివారిని కాసేపు ఆగి మళ్లీ అడగమంటుంది, కోదాడకు వెనక్కిమ్మని కబురు పెడుతుంది. కోదాడ క్లయింట్ తన దగ్గరే ఉంచుకున్న మార్పులన్నీ పంపాలి. సర్వర్‌కు చెప్పకుండా తెరిచిన ఫైళ్లు, వేసిన తాళాల లెక్క అప్పజెప్పాలి. ఆ తర్వాతే అప్పగింతను వదులుకోవాలి. ఈలోగా మిర్యాలగూడ ఆగాల్సిందే. లినక్స్ సర్వర్‌లో మామూలు గడువు 90 సెకన్లు. అది దాటినా జవాబు రాకపోతే సర్వర్ అప్పగింతను రద్దు చేస్తుంది. అప్పటికి పంపని మార్పులు పోయే ప్రమాదం ఉంటుంది.

కబురు అందకపోవడానికి పెద్ద కారణం 4.0 వెర్షన్ నిర్మాణమే. అందులో సర్వర్ తనంతట తానే క్లయింట్‌కు కొత్త కనెక్షన్ తెరవాలి. బ్రాంచీ ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ రౌటర్ వెనకున్న కంప్యూటర్‌ను బయటినుంచి చేరుకోవడం సాధారణంగా కుదరదు. దారి లేదని ముందే తేలితే సర్వర్ అసలు అప్పగించదు. అప్పుడు నష్టం లేదు, లాభమూ లేదు. దారి నడుమలో తెగితేనే కష్టం. 2010లో వచ్చిన 4.1లో క్లయింట్ తెరిచిన కనెక్షన్ మీదే ఆ కబురు తిరిగి వస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ చరిత్రలో ఇంత మేలు చేసిన మార్పులు తక్కువ.

మిగతా బాధ్యత క్లయింట్‌ది. వాడని అప్పగింతలను పట్టుకు కూర్చుంటే సర్వర్‌కు మోత, పక్కవారికి ఆలస్యం. లినక్స్ క్లయింట్‌లో వీటి సంఖ్యకు ఒక పరిమితి ఉంది. అది దాటితే ఫైల్ మూసిన వెంటనే అప్పగింతను వదిలేస్తుంది. రద్దయినవాటినీ క్లయింట్ ఒక్కొక్కటిగా పరీక్షించి వదులుకోవాలి. ఈ ఏరివేత సరిగా జరగకపోతే రద్దయినవి ఉన్నాయని సర్వర్ ప్రతి జవాబులోనూ హెచ్చరిక పెడుతూనే ఉంటుంది. 2023లో లినక్స్ సర్వర్ రాసే అప్పగింతలను ఇవ్వడం మొదలుపెట్టింది. 2024లో ఫైల్ మారిన సమయాన్ని కూడా క్లయింటే నమోదు చేసుకుని, తిరిగిచ్చేటప్పుడు చెప్పే వీలు లినక్స్ క్లయింట్‌కు వచ్చింది. అంతకుముందు ఆ ఒక్క సమయం కోసమే సర్వర్‌తో మళ్లీ మాట్లాడాల్సి వచ్చేది.

బ్రాంచీలను కలిపేవారు కనీసం 4.1 వెర్షన్‌తోనే మౌంట్ చేయాలి. మూడు ఊళ్లవారూ ఒకే ఫైల్‌లో రాస్తుంటే మాత్రం అప్పగింత వల్ల వేగం పెరగదు. అలాంటి లెక్కలకు డేటాబేస్ పెట్టుకోవడమే మేలు.