పోలికయే ప్రాణమా?

బొమ్మ మనిషిని పోలినచో చాలును, అదియే శిల్పమునకు పరమావధి యని నేడు పలువురు తలంచుచున్నారు. చలనచిత్ర పాత్రల ప్రతిమల నమ్మువారును ఈ యభిప్రాయమునే యాధారముగా జేసికొనిరి. హాంగ్‌కాంగులోని హాట్ టాయ్స్ సంస్థవారు నిలువెత్తులో ఆఱవవంతు పరిమాణముగల బొమ్మలయందు ముఖమునందలి ముడుతలను, వస్త్రముల కుట్లను సైతము చూపుచున్నారు. ఆ పనితనమును మేము తక్కువ చేయము. అయినను ఇట్టి బొమ్మలలో కొన్ని, వేలెత్తి చూపుటకు లోపమేమియు లేనివే, సేకరించువారి మనస్సును కదలింపలేకున్నవి. చూచినవారు “ఎంత చక్కగా పోలియున్నది!” అని మెచ్చుదురు, కొనక వెడలిపోవుదురు. ఈ మెప్పునకును ఈ యుదాసీనతకును పొత్తెట్లు కుదిరినదో విచారింతము.

పోలిక యక్కఱలేదని మా వాదము గాదు. 2023లో మైసూరులోని యొక మైనపు బొమ్మల ప్రదర్శనశాలయందు బాహుబలి వేషమున నిలిపిన ప్రతిమ ప్రభాసును పోలలేదని అభిమానులు గగ్గోలు పెట్టిరి. అది తమ యనుమతి లేక చేసినదని నిర్మాత శోభు యార్లగడ్డయు నాక్షేపించెను. పోలిక లేని బొమ్మ గడప దాటి లోనికి రానేరదు. కాని గడప దాటినంత మాత్రమున చుట్టము గాదు. 2017లో బ్యాంకాకునందు మేడమ్ టుస్సాడ్స్ వారు నిలిపిన ప్రభాసు ప్రతిమయు, 2019లో సింగపూరునకు పంపుటకు ముందు హైదరాబాదున చూపిన మహేశ్‌బాబు ప్రతిమయు ప్రక్కన నిలిచి ఛాయాచిత్రము తీయించుకొనుటకు తగినవి. అచ్చట వాని పని యంతే. ఇంట నిలుపుకొని యేండ్ల తరబడి చూడదగిన బొమ్మకు వేఱొక గుణము కావలెను.

మనిషిని పోలినకొలది బొమ్మపై మక్కువ పెరుగుననియు, పోలిక దాదాపు సంపూర్ణమగు తావున ఆ మక్కువ హఠాత్తుగా వెగటుగా మాఱుననియు జపాను పండితుడు మసాహిరో మోరి 1970లో వ్రాసెను. కారణము మనకు దుర్గ్రాహ్యము గాదు. సజీవమువలె నున్నది కదలవలెనని మనస్సు కోరును. కదలనిచో శవమును తలపించును. కొయ్యబొమ్మ నెవ్వరును కదలుమని కోరరు.

ఇంతకంటె లోతైన కారణమును మన యాలంకారికులు చర్చించిరి. రసము అనుకరణమని శ్రీశంకుకుడు చెప్పగా, అభినవగుప్తుడు దానిని ఖండించెను. శాకుంతలము ఆఱవ యంకమున దుష్యంతుడు శకుంతల రూపమును చిత్రించియు తృప్తి పడడు. మాలినీ నదిని, హంసలను, హిమవంతపు చఱియలను, లేళ్లను ఇంకను వ్రాయవలె ననును. ముఖము కుదిరినది, కాని అతని ప్రేమ యా ముఖమునందు మాత్రమే లేదు, ఆ యాశ్రమమునందును ఉన్నది.

సేకరించువాని కోరికయు నిట్టిదే. అతడు కొనునది నటుని ముఖము గాదు, తన్ను కదలించిన ఘట్టము. 2015 నాటి బాహుబలి చిత్రమున శివుడు శివలింగమును పెకలించి భుజమున నెత్తుకొని జలపాతము క్రిందికి గొనిపోవును. ఆ భంగిమను పట్టిన బొమ్మకు ముక్కు కొంచెము వంకరయైనను చూచువానికి నీటి హోరు వినబడును. కవచము ధరించి ఊరక నిలుచున్న బొమ్మ వెండ్రుకవాసి తప్పక పోలినను వానికి చెప్పున దేమున్నది?

మన జిల్లాలోనే దీనికి తార్కాణములు గలవు. తిరుమల యాలయమున కృష్ణరాయ మండపమునందు శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహరూపమున చేతులు జోడించి నిలిచియున్నారు. రాయల ముఖము నిట్లే యుండెనో లేదో సరిచూడగలవా రెవ్వరును లేరు. అయినను ఆ జోడించిన చేతులలో చక్రవర్తి భక్తుడై కనబడును, మనకంతయు తెలియును. ఇక తిరుపతి ఎఱ్ఱచందనపు జంటబొమ్మల కన్నులు రెండు గీతలు. వానిని తరతరములుగా కొలువులో నిలుపుకొన్న ఇండ్లు గలవు. చెక్కినవాడు విడిచినదానిని చూచువాడు పూరించును. ఆ పూరణముచేతనే బొమ్మ వాని దగును.

కావున మాధవమాల కొయ్యశిల్పులు రేపు చలనచిత్ర పాత్రలను చెక్కబూనినను, యంత్రము తీయు ప్రతిరూపముతో పోటీకి దిగవలదని మా మనవి. ఆ పందెమున ఉలి యోడును. ఓడనక్కఱలేని పందెము వేఱొకటి గలదు. ఏ క్షణమును పట్టవలెనో, ఎంత విడువవలెనో యెఱిగిన చేతికి యంత్రము సాటిరాదు. కొనువారును వెలను, వెండ్రుకలను లెక్కించుట మాని, ఈ బొమ్మ తమకు దేనిని జ్ఞప్తికి దెచ్చుచున్నదో తమ్ము దాము ప్రశ్నించుకొందురుగాక.