తంబురగా మారిన డప్పు

వికారాబాదు నుంచి తాండూరు పోయే రైలు దారిలో ధారూరు ఉంది. ఏటా నవంబరులో అక్కడ మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతుంది. మాదిగ, మాల వాడల కుటుంబాలు వంటసామానుతో సహా వచ్చి, డేరాలేసుకొని ఉంటాయి. ఇట్లాంటి కూడికల్లో మళ్లీ మళ్లీ వినబడే మాటలు మూడు: సిద్ధపాటు, కృతజ్ఞత, స్తుతి. ఈ మాటల్ని కొట్టిపారెయ్యడం మా పని కాదు. వాటికి అర్థం ఎవరు చెప్తున్నారన్నదే మా ప్రశ్న.

సిద్ధపాటు అనగానే పదిమంది కన్యకల ఉపమానం చెప్తారు. పెండ్లికుమారుడు వస్తడు, ఎదురుచూస్తూ ఉండుమంటారు. కానీ కథలో పదిమందీ ఎదురుచూసినవాళ్లే, పదిమందీ కునికినవాళ్లే. తేడా తెచ్చింది సిద్దెల్లో ముందే పోసి పెట్టుకున్న నూనె. వాడకు చదువు, సంఘబలం, చేతిలో భూమి కాయిదం ఆ నూనెలాంటివి. వీటిని కూడబెట్టుకోకుండా కండ్లు మూసుకొని కూచోవడాన్ని సిద్ధపాటు అనలేం.

కృతజ్ఞత సంగతి ఇంకా చిక్కు. నిజాం కాలపు వెట్టిలో, హక్కుగా రావాల్సిన గింజలకు కూడా దొరకు దండం పెట్టాల్సి వచ్చింది. కృతజ్ఞత దేవునికే అన్న మాట ఆ దండాన్ని దొర కాళ్ల దగ్గర్నుంచి తప్పించగలదు. అదే మాటను 'ఉన్నదాంతో తృప్తిపడు' అని తిప్పి చెప్తే, దొర మళ్లీ గుడిలోకి వచ్చినట్టే. తాండూరు బండల గనిలో పనిచేసేవాడు ప్రాణం కోసం దేవునికి స్తోత్రం చెప్పొచ్చు. కూలి మాత్రం దయ కాదు, చెమట బాకీ. దాని లెక్క యజమానితోనే తేలాలి.

ఇక స్తుతి. 150వ కీర్తన దేవుణ్ణి వాద్యాలతో స్తుతించమంటుంది. అందులో 'తోఫ్' అనే హీబ్రూ మాట ఉంది. చట్రానికి చర్మం బిగించి చేత్తో వాయించే వాద్యమది. మన డప్పుకు దగ్గరి చుట్టం. ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డ రోజు మిర్యాము చేతిలో ఉన్నదీ అదే. మన తెలుగు బైబిల్లో మాత్రం అది 'తంబుర' అయింది. తెలుగులో తంబుర అంటే తీగల వాద్యం. అనువాదకులు కావాలని చేశారని అనం. కానీ చచ్చిన పశువు తోలుతో, మాదిగ చేతితో మోగేది గ్రంథంలోంచి జారిపోయింది. డప్పు అంటరానిదని చాలా గుళ్లు దాన్ని గడప బయటే ఉంచినప్పుడు, గ్రంథం దాని పక్షాన మాట్లాడలేకపోయింది.

స్తుతికి ఇంకో వెల కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. వాడలో మాదిగగానే చూస్తారు, కాయిదం మీద బి.సి.-సి అంటారు. అందుకే ఒకే మనిషికి ఆఫీసులో ఒక పేరు, గుడిలో ఒక పేరు. గొంతెత్తి పాడితే సర్టిఫికెట్టు పోతదన్న భయంతో చేసే స్తుతి సగం స్తుతే.

బోధకులను మేం అడిగేది ఒక్కటే. మిర్యాము చేతిలో డప్పే ఉందని వాడబిడ్డలకు చెప్పండి. బానిసత్వం తెగిన తర్వాత మోగిన స్తుతి అది. దానికి సిద్ధపడటమే మా సిద్ధపాటు.