డీజిలే కందెన కూడా

ట్రాక్టర్ ఇంజిన్ పక్కన, డీజిల్ ఫిల్టర్ కింద చాలా బండ్లకు ఓ చిన్న గాజు గిన్నె ఉంటుంది. వానాకాలం పొద్దున్నే దాన్ని చూడండి. పైన పసుపచ్చని డీజిల్, అడుగున దాంతో కలవక విడిగా నిలిచిన నీళ్లు, ఆ నీళ్ల కింద సన్నని తుప్పు పొడి. "స్టార్టింగ్ ట్రబులా అండీ? ముందు ఆ గిన్నె విప్పనివ్వండి" అంటాడు మా ఊరి మెకానిక్.

బంకును తిట్టుకుంటాం గానీ, ఆ నీళ్లు మన దగ్గర కూడా పుడతాయి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడిన గాలి తేమను గోడలకు వదిలేస్తుంది. ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ము మూత మీద వాననీళ్లు నిలిచి లోపలికి దిగుతాయి.

పాత ఇంజిన్లు కొంత ఓర్చుకున్నాయి. ఇప్పటి కామన్ రైల్ బండ్లు ఓర్చుకోవు. ఇంజెక్టర్‌లో 1600 బార్‌కు పైబడిన ఒత్తిడి, భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. పైగా చాలా బండ్లలో హై ప్రెషర్ పంపుకు డీజిలే కందెన. కిరసనాయిలు కలిస్తే ఆ జిడ్డు పలచబడి ఇనుము ఇనుమును రాసుకుంటుంది. ఆ రజను పంపు నుంచి ఇంజెక్టర్ల దాకా పాకుతుంది. అప్పుడు రిపేరు ఒక్క పంపుతో ఆగదు, మొత్తం లైను మార్చాల్సిందే.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక డీజిల్‌లో గంధకం పరిమితి 50 పీపీఎం నుంచి 10కి దిగింది. గంధకం తీసే క్రమంలో సహజమైన కందెన గుణమూ తగ్గుతుంది కనుక, కంపెనీలే దానికి తగ్గ మందు కలిపి పంపుతాయి. ఆ పైన మనం కొని పోసే సీసాల మీద నాకు నమ్మకం లేదు. ఆల్కహాల్ ఉన్నవైతే నీటిని డీజిల్‌లో కలిపేసి, ఫిల్టర్ ఆపాల్సిన దాన్ని నేరుగా ఇంజెక్టర్‌కు చేరుస్తాయి. నీళ్లున్నాయా, డ్రెయిన్ స్క్రూ విప్పి వదిలేయండి.

లారీల వాళ్లలో కొందరు, పొగ శుద్ధి కోసం విడిగా పోసే డీఈఎఫ్ ద్రవం బదులు పొలానికి చల్లే యూరియాను నీళ్లలో కరిగించి పోస్తున్నారని వింటే గుండె జారుతుంది. డీఈఎఫ్‌లో ఉండేది 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది లవణాలు తీసేసిన నీళ్లు. మన ఎరువు బస్తాలోది వేపనూనె పూసిన సరుకు. పొగను శుద్ధి చేసే ఖరీదైన క్యాటలిస్ట్ దాంతో పాడవుతుంది.

బంకులో సాంద్రత చూపించమని అడగండి, అది మీ హక్కు. పని ముగించి తెచ్చిన సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టండి. డ్రమ్మును కదిలించిన రోజు అందులోంచి తీయకండి, మడ్డి తేరుకోనివ్వండి. జింకు పూత ఉన్న డబ్బాల్లో మాత్రం డీజిల్ అసలు పోయకండి. ఆ జింకు డీజిల్‌లో కరిగి వెళ్లి నాజిళ్లలో పేరుకుంటుంది.